ఇల్లంటే ఎక్కడిదాకా?

"సంతకం పెట్టేదాకా నేను ఈ మెట్టు దిగను, ఎక్కను," అంది వదిన.

పైనుంచి మూడో మెట్టు మీద అడ్డంగా కూర్చుంది. ఒళ్ళో ఫారం, ఫారం మీద కళ్ళజోడు. కింద కార్ఖానాలో గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది. అనుమతుల ఆఫీసు ఐదింటికి మూసేస్తారు. ఐదున్నరకి సరిహద్దు బస్సు. ఫారం ఆఫీసుకి చేరితే, కింద పుస్తకాలు కుట్టే సూదమ్మ ఇక్కడుంటుంది. చేరకపోతే బిడ్డతో సహా ఆ బస్సులో ఉంటుంది. ఆమె అనుమతి కాగితానికి ఇవాళే ఆఖరు.

"నువ్వు అక్కడ కూర్చుంటే నేను పైకెలా వెళ్ళాలే?" అన్నాడు అన్నయ్య కిందనుంచి.

"ఎగిరి రండి. ఇంత వాక్యం తెలిసిన మనిషికి ఈపాటికి రెక్కలు వచ్చే ఉంటాయి."

నాకు నవ్వు ఆగలేదు. చేతిలో ఉన్న అట్ట మొహానికి అడ్డం పెట్టుకున్నాను. అన్నయ్య చూడనే చూశాడు.

"నువ్వెందుకురా ఇకిలిస్తావు? జిగురు కలుపు."

కలిపాను. యాభై మూడేళ్ళొచ్చినా ఈ బైండింగ్ కార్ఖానాలో నా ఉద్యోగం అదే, జిగురు కలపడం. చదువు ఏడో తరగతి దగ్గర ఆగిపోయింది. పుస్తకాలకి అట్టలు వేస్తాను గానీ లోపల ఏముందో అన్నయ్యే చెప్పాలి. అన్నయ్య సంఘపెద్ద. పాత నిబంధన, కొత్త నిబంధన, ఏ పేజీ అడిగినా నిద్రలో కూడా చెబుతాడు. మా వదిన కూడా తక్కువేం కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

"ఏమండీ, ఈ మూడో గడిలో ఏముందో ఇంకోసారి చదవనా?"

"నాకు కంఠస్థం వచ్చేసింది."

"అయినా చదువుతా. 'ఈ వ్యక్తి నా ఇంట్లో, నా కుటుంబంతో కలిసి ఉంటున్నారు.' కింద ఇంటి యజమాని సంతకం. ఒక్క గీత గీస్తే అయిపోతుంది."

"ఉంటోందా?"

"ఏంటి?"

"మన ఇంట్లో ఉంటోందా అని అడుగుతున్నాను. ఎనిమిది నెలలైంది వచ్చి. ఒక్కసారైనా ఈ మెట్లెక్కిందా? మన బల్ల దగ్గర ఒక్క ముద్ద తిన్నదా? కింద కాగితాల గదిలో పడుకుంటుంది, కిందే వండుకుంటుంది. ఉంటోందని నేను రాస్తే అది అబద్ధసాక్ష్యం అవుతుంది. అబద్ధసాక్ష్యం చెప్పొద్దని రాతి పలక మీద చెక్కి మరీ ఇచ్చాడు దేవుడు."

"ఎక్కనివ్వంది ఎవరో?"

"నేనే," అన్నాడు అన్నయ్య.

అబద్ధం మాత్రం ఆడడు మా అన్నయ్య. అందుకే ఆయనతో గొడవ పడటం చాలా కష్టం.

కిటికీ దగ్గర సూదమ్మ మా వైపు వీపు పెట్టి పుస్తకం మడతలు కుడుతోంది. పదహారు పేజీల మడత ఒకటి, దాని మీద ఇంకొకటి, సూది లోపలికి, బయటికి. ఆమె అసలు పేరు మా నోళ్ళకి తిరగలేదు, వదిన సూదమ్మ అంది, అదే స్థిరపడిపోయింది. పక్కన ఆమె నాలుగేళ్ళ బుడ్డిది కత్తిరించగా పడిన కాగితం పేలికలు ఏరుకుని ఆడుకుంటోంది. పక్కన మూట కట్టేసి ఉంది. ఒక్కటే మూట.

ఈ మెట్ల సంగతి ఎలా పుట్టిందో చెప్పాలి. ఎనిమిది నెలల కింద ఆమె సరిహద్దు దాటి వచ్చినప్పుడు సంఘంలో పెద్ద చర్చ. ఆమెది వేరే దేశం, వేరే ప్రార్థన. చేర్చుకోండి అని ఒక వాక్యం ఉంది. ఈ బోధ తీసుకురానివాణ్ణి ఇంట్లో చేర్చుకోవద్దు, శుభమని కూడా చెప్పొద్దు అని ఇంకో వాక్యం ఉంది. అన్నయ్య మూడు రోజులు ఉపవాసం ఉండి, నాలుగో రోజు వెలుగుతున్న మొహంతో దిగొచ్చాడు. "తమ్ముడూ, దారి దొరికింది. కార్ఖానా ఇల్లు కాదు!" అన్నాడు. కింద చేర్చుకుంటే ఒక వాక్యం నెరవేరుతుంది, మెట్లెక్కనివ్వకపోతే రెండోదీ నెరవేరుతుంది. నేనూ భలే ఉందన్నాను. తలూపాను కూడా. ఆ ఊపిన తల ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఆ ఉపాయమే ఇవాళ మా పీకకి చుట్టుకుంది.

నేనే సంతకం పెట్టేద్దామంటే ఇల్లు నా పేరు మీద లేదు. పని ఇచ్చినవాళ్ళ సంతకం చెల్లదట. ఇంట్లో చేర్చుకున్నవాళ్ళదే కావాలట.

వీధి తలుపు తోసుకుని గడియారం తాత వచ్చాడు. ఎదురు వరసలో గడియారాలు బాగుచేసే యూదు పెద్దాయన. వయసు ఎనభైకి దగ్గర. ఒక కంటికి పెట్టుకునే భూతద్దం ఎప్పుడూ నుదుటి మీదికి తోసి ఉంటుంది, మూడో కన్ను లాగా.

"నా పుస్తకం అయిందా?" అన్నాడు. అని మెట్ల మీద వదినని, కింద అన్నయ్యని, మధ్యలో నన్ను చూశాడు. "ఓహో. పాతకాలపు గడియారంలో బొమ్మల్లా ఒకరు పైన, ఒకరు కింద. గంటెప్పుడు కొడతారు?"

"అయింది, కూర్చోండి పెద్దాయనా," అన్నాడు అన్నయ్య. గొడవ ఆగిందన్న సంతోషంతో పుస్తకాలు అదిమే ప్రెస్సు విప్పి పుస్తకం తీశాడు. తాత వాళ్ళ నాన్నగారి గ్రంథం అది. ముక్కలు ముక్కలైపోయి వచ్చింది. సూదమ్మ రెండు వారాలు కూర్చుని కుట్టింది. అట్ట మాత్రం అన్నయ్యే వేశాడు, ఇంకెవర్నీ వేయనివ్వలేదు. నల్ల గుడ్డ, బంగారు గీతలు, మధ్యలో తాత రాసిచ్చిన నాలుగు అక్షరాలు.

తాత రెండు చేతులతో అందుకున్నాడు. కళ్ళకి అద్దుకున్నాడు. తెరిచాడు.

పేజీ మీద వేలు పెట్టాడు, తీశాడు.

మళ్ళీ మూశాడు. వెనక్కి తిప్పాడు. వెనక వైపు తెరిచాడు. అప్పుడు మొదలైంది నవ్వు. భుజాలు ఊగిపోతున్నాయి.

"అయ్యా సంఘపెద్దా! సృష్టి ఎక్కడ మొదలైందో తెలుసా నీకు?"

"ఏమైంది?"

"మా గ్రంథం కుడివైపు నుంచి మొదలవుతుందయ్యా. మీరు ఎడమ నుంచి అట్ట వేశారు. బంగారం అంతా వెనక అట్ట మీద ఉంది. ఇలా తెరిస్తే లోకం అంతమైపోయి ఉంది, ఇంక చదవడానికి ఏమీ లేదు!"

అన్నయ్య మొహంలో రక్తం ఇంకిపోయింది. నలభై ఏళ్ళలో ఆయన చెయ్యి తప్పింది లేదు. అదీ ఇలాంటి పుస్తకంలో. గిర్రున కిటికీ వైపు తిరిగాడు.

"ఏమ్మా, కుట్టింది నువ్వు కదా? తెలియదా?"

సూదమ్మ సూది ఆపింది. నేనే అందుకున్నాను.

"తెలుసు అన్నయ్యా. చెప్పింది కూడా. మంగళవారం. వాళ్ళ దేశపు రాత కూడా కుడి నుంచే నడుస్తుందట. 'పెద్దయ్యా, ఈ పుస్తకం ముఖం ఇటు' అని నీకు చూపించింది. నువ్వేమన్నావో గుర్తుందా?"

"ఏమన్నాను?"

"'గ్రంథం ముఖం ఎటుందో నువ్వా నాకు చెప్పేది' అన్నావు."

పైన వదిన కళ్ళజోడు పెట్టుకుని కిందికి వంగి చూసింది.

అన్నయ్య బల్ల అంచు పట్టుకున్నాడు. సన్నకత్తి తీసుకున్నాడు, అట్ట విడదీద్దామని. కత్తి రెండుసార్లు జారింది. ఇంకొక్కసారి జారితే కుట్టు తెగిపోతుంది, రెండు వారాల పని, తొంభై ఏళ్ళ కాగితం.

సూదమ్మ లేచి వచ్చింది. అడగలేదు, ఆగలేదు. ఆయన చేతిలోంచి కత్తి తీసుకుంది. తడిగుడ్డ అంటింపు మీద వేసి, ఊపిరి బిగబట్టి, కత్తిని వెంట్రుకవాసి లోపలికి పోనిచ్చి గీసింది. పుస్తకం అట్టలోంచి మెల్లగా బయటికొచ్చింది, ఒక్క దారప్పోగు చెదరకుండా.

"మాస్టరు పని," అన్నాడు తాత. నుదుటి మీది అద్దం కంటికి దింపి కుట్టు చూశాడు. "ఇంత చెయ్యి ఉన్న పిల్లకి మూట ఎందుకు కట్టించారు?"

అంతే, వదిన అందుకుంది. పైనుంచే. మొత్తం చెప్పింది. ఫారం, మెట్లు, కార్ఖానా ఇల్లు కాదన్న ఉపాయం, అబద్ధసాక్ష్యం, అన్నీ. తాత వింటూ వింటూ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. సూదమ్మ కొత్త అట్టముక్కలు కొలుస్తోంది. నేను జిగురు కలుపుతున్నాను. మూడుంబావు.

"నా మీద దేశద్రోహం మోపినట్టు చెప్పకు," అన్నాడు అన్నయ్య. "నేను లేనిది చెప్పానా? పెద్దాయనా, మీరే చెప్పండి, మీ గ్రంథమే. చెరలోంచి తిరిగొచ్చినవాళ్ళు పరదేశపు భార్యల్ని, పిల్లలతో సహా పంపేశారా లేదా?"

"పంపేశారు. దాచను. పెద్ద వాన, ఆ వానలో జనం అంతా వణుకుతూ కూర్చుని ఒప్పుకున్నారని ఉంది."

"చూశావా!" అన్నాడు అన్నయ్య పైకి చూసి.

"కానీ ఆ పిల్లలు ఏమయ్యారో లేదు," అన్నాడు తాత. "ఏ దారిన వెళ్ళారు, వాన తగ్గాక వెళ్ళారా, తడుస్తూనే వెళ్ళారా. ఒక్క ముక్క లేదు. డెబ్బై ఏళ్ళుగా అడుగుతున్నాను, మా పంతుళ్ళందరినీ. ఎవరూ చెప్పలేదు."

బుడ్డిది కాగితం పేలిక ఒకటి తెచ్చి తాత చెవికి తగిలించింది. ఆయన తీయలేదు.

"మోయాబు దేశంవాడు పది తరాలైనా సభలోకి రాకూడదని ఉంది," అన్నాడు అన్నయ్య, గొంతు కొంచెం తగ్గించి.

"ఆ మోయాబు కోడలేగా అత్తని వదలకుండా వెంట వచ్చింది!" వదిన లేచి నిలబడింది. "గొల్లపిల్లాడు రాజయ్యాడే, ఆయన తాతకి కన్నతల్లి ఆవిడే. పది తరాలు ఆగారా? ఆగి ఉంటే రాజూ లేడు, రాజు వంశంలో మన ప్రభువూ లేడు. మీరు సంఘపెద్ద అయ్యేవారూ కారు, నేను మిమ్మల్ని కట్టుకునేదాన్నీ కాదు. ఎంత హాయి!"

"ఇదిగో, హద్దు దాటకు."

"హద్దు గురించే కదా గొడవంతా!"

తాత పకపకా నవ్వాడు. "మా పెద్దలు ఒక లెక్క వేశారమ్మా. పరాయివాణ్ణి నొప్పించొద్దు అన్న మాట ధర్మశాస్త్రంలో ముప్పై ఆరుసార్లు వస్తుందట. కాదు, నలభై ఆరని ఇంకొందరు. లెక్క దగ్గర కూడా మావాళ్ళకి గొడవే. నేను మాత్రం ఒకటి అనుకుంటాను. మా ఇంట్లో మా అమ్మ ఏ మాట ఎక్కువసార్లు చెప్పేదో, అది మేం విననిదన్నమాట."

"నేను కొత్త నిబంధనవాణ్ణి," అన్నాడు అన్నయ్య మొండిగా. "మా ప్రభువే పరదేశపు తల్లితో అన్నాడు, పిల్లల రొట్టె తీసి కుక్కలకి వేయకూడదని."

"తర్వాత?" అంది వదిన.

అన్నయ్య బల్ల మీది కాగితం ముక్కలు పక్కకి తుడిచాడు.

"తర్వాత ఏమైందండీ? అక్కడే ఆపేస్తారా? ఆవిడ ఎదురు మాట్లాడింది. కింద పడ్డ ముక్కలైనా కుక్కలు తింటాయి కదా అంది. ప్రభువు ఏం చేశాడు? నోరు మూసుకో అన్నాడా? నీ విశ్వాసం గొప్పది అని ఆమె అడిగింది ఇచ్చి పంపాడు. ఒక పరాయి ఆడదాని మాట విని మనసు మార్చుకున్నాడు ఆయన. మీరు ఆయన కన్నా పెద్దా?"

"'నేను పరదేశినై ఉంటే చేర్చుకున్నారు' అని ప్రభువు అన్నది సహోదరుల గురించని వ్యాఖ్యానంలో..."

"వ్యాఖ్యానం రాసింది ఎవరు? గుమ్మం బయట నిలబడినవాడా, లోపల పడక్కుర్చీలో కూర్చున్నవాడా?"

ఇంక నేను ఆగలేకపోయాను. జిగురు బ్రష్షు చేతిలోనే ఉంది.

"అన్నయ్యా, నాకు చదువు లేదు, తప్పైతే తిట్టు. ప్రభువుని చంటిబిడ్డప్పుడు చంపుతారని ఎత్తుకుని వేరే దేశం పారిపోయారు కదా అమ్మా నాన్నా? అక్కడ ఎవరో ఒకరు గది ఇచ్చే ఉంటారు కదా. వాళ్ళు ఈయన్ని నమ్మినవాళ్ళు కాదు కదా. వేరే దేవుళ్ళని మొక్కేవాళ్ళు. అప్పుడు వాళ్ళ ఫారం మీద ఎవరు సంతకం పెట్టారు?"

ఎవరూ నవ్వలేదు. నేను తమాషాకి అనలేదు కాబట్టి మంచిదే అయింది. జిగురు నా చెప్పు మీద బొట్టుబొట్టుగా కారుతోంది.

అన్నయ్య ఇంకో స్టూలు మీద కూలబడ్డాడు. ఆయన ఎదురుగా బల్ల మీద సూదమ్మ కొత్త అట్టలోకి పుస్తకాన్ని దించుతోంది. ఈసారి ముఖం కుడివైపు. దించి, అదుముతూ, చేతులు తీయకుండా, ఆయన వైపు కళ్ళతో అడిగింది, సరేనా అని. పనిలో ఆఖరి మాట మేస్త్రీదే కదా, ఆ మర్యాద తప్పలేదు ఆ పిల్ల.

అన్నయ్య చూశాడు. వేలితో అట్ట అంచు తడిమాడు. "సరే," అన్నాడు.

తర్వాత మెల్లగా, తనకి తనే చెప్పుకుంటున్నట్టు, "నేను భయపడ్డాను. తప్పు వాక్యం పట్టుకుంటానేమోనని భయపడి రెండూ పట్టుకున్నాను. రెండు చేతులూ నిండిపోయాయి. మనిషిని పట్టుకోవడానికి చెయ్యి లేకుండా పోయింది," అన్నాడు.

వదిన మెట్లు దిగడం మొదలుపెట్టింది. నాలుగు దిగి ఆగింది. "అయితే సంతకం?"

"అబద్ధం రాయను," అన్నాడు అన్నయ్య లేస్తూ.

"మళ్ళీ మొదటికొచ్చారా!"

"ఆగవే! అబద్ధం రాయను. నిజం చేసి రాస్తాను." గడియారం చూశాడు. నాలుగు దాటి రెండు నిమిషాలు. ఆయన మొహం చూడాలి మీరు. ఎనిమిది నెలల కింద ఉపవాసం తర్వాత కూడా అంత వెలగలేదు. "తమ్ముడూ, సైకిలు తియ్యి, పావుగంటలో ఆఫీసు. ఏమే, నువ్వు పైన బల్ల సర్దు. పెద్దాయనా, మీరు సాక్షి. సూదమ్మా! అమ్మా, బిడ్డనెత్తుకుని పైకి రా. రా, ఎక్కు, మన ఇంట్లోకి రా!"

నేను సైకిలు తాళం కోసం జేబులన్నీ తడిమాను. వదిన ఫారం ఊపుతూ పైకి పరిగెత్తబోయి చీర అంచు తొక్కుకుని "అమ్మో" అంది. అన్నయ్య అప్పుడే వదిన దాకా ఎక్కేశాడు. తాత చప్పట్లు కొట్టాడు. బుడ్డిది ఎందుకో తెలియకుండానే తనూ కొట్టింది.

సూదమ్మ మాత్రం కదల్లేదు.

పుస్తకాన్ని ప్రెస్సులో పెట్టి చక్రం నిదానంగా బిగించింది. చేతులు తుడుచుకుంది. మెట్ల దగ్గరికి వచ్చి, కింద మెట్టు ముందు నిలబడింది.

"పెద్దయ్యా, ఒక మాట."

"పైకొచ్చి చెప్పమ్మా, టైము లేదు."

"ఇక్కడే చెప్పాలి." ఆమెకి మా మాట ఇంకా పూర్తిగా రాదు, ఒక్కో మాటా ఏరుకుని పేర్చుకుంటుంది. "ఈ పిల్ల ఎనిమిది నెలలుగా పైన ఏముంది అని అడుగుతుంది. పైన పని లేదు అని చెప్పాను. ఇవాళ ఎక్కుతాము. మీరు రాస్తారు. అబద్ధం ఉండదు. మీకు మంచిది. రేపు పొద్దున?"

"రేపు ఏంటమ్మా?"

"మీరు ఇంకో పేజీ చదువుతారు. సిరా ఎండిన తర్వాత, దిగమంటారా?"

ఏ ప్రశ్నకైనా అధ్యాయం, వచనం టకటకా చెప్పే అన్నయ్య ఒక మెట్టు దిగాడు.

"మీ గ్రంథాన్ని అడిగారు. తాతగారి గ్రంథాన్ని అడిగారు. నన్ను అడగలేదు," అంది. కోపంగా అనలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. "దిగమంటే, నాకు చెప్పండి. బస్సులో చోటు ఉంది. పిల్ల ఒకసారి ఎక్కితే, మళ్ళీ నేను దింపలేను."

అప్పుడు వీధి తలుపు మీద మూడు దెబ్బలు. ఆగకుండా ఇంకో మూడు.

"అన్నగారూ!" సంఘం కార్యదర్శి గొంతు. వెనక ఇంకా ఇద్దరు ముగ్గురి చెప్పుల చప్పుడు. "పెద్దలందరం వచ్చాం. ఆ అమ్మాయిని బస్సు దాకా మనమే గౌరవంగా దింపి వద్దామని. సిద్ధంగా ఉందా?"

నాకు సైకిలు తాళం దొరికింది. చేతిలో గట్టిగా పట్టుకున్నాను. నాలుగూ పది.

అన్నయ్య తలుపు వైపు వెళ్ళలేదు. వదిన చేతిలోంచి ఫారం తీసుకున్నాడు, మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. వదిన "ఏవండీ!" అని కేక వేసింది. ఆయన వినిపించుకోలేదు. మెట్లన్నీ దిగి వచ్చి, కింద మెట్టు మీద, సూదమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి, సంఘపెద్ద.

"దిగమనను అని ఇప్పుడు మాట ఇస్తే నమ్ముతావా అమ్మా?" అన్నాడు.

"తెలియదు," అంది సూదమ్మ.

"నాకూ తెలియదు. నా సంగతి నాకు ఇవాళే తెలిసింది." తలుపు మళ్ళీ మోగింది. అన్నయ్య గొంతు పెంచి, నా వైపు చూడకుండా అన్నాడు. "తమ్ముడూ, తలుపు తియ్యి. అందర్నీ లోపలికి రమ్మను. ఈ అమ్మాయి అడిగింది వాళ్ళ ముందే అడగనీ. నేను చెప్పేది వాళ్ళ ముందే చెబుతాను, సంతకం ఆ తర్వాతే. వాళ్ళు నన్ను పెద్దగా ఉంచినా సరే, తీసేసినా సరే."

నేను గడియ మీద చెయ్యి వేశాను. వెనక్కి తిరిగి చూశాను.

సూదమ్మ వంగి బిడ్డని ఎత్తుకుంది. ఇంకో చేత్తో మూట కూడా తీసుకుంది. మెట్లకా, తలుపుకా, ఆమె మొహం చూసినా నాకు తెలియలేదు.